కట్టెలకు కటకటగా ఉన్నప్పుడు, ఉన్న వంటచెరకుతో ఎక్కువ రోజులు వంట ఎలా సాగించాలి

"కట్టెలు దొరకడం లేదు. దొరికినా పచ్చివే. నెలంతా వచ్చే బొగ్గుల బస్తా ఇరవై రోజులకే ఖాళీ అవుతోంది. ఏం చేయాలి?" మాటలు కొంచెం అటూ ఇటూ మారినా నన్ను అందరూ మళ్లీ మళ్లీ అడుగుతున్నది ఇదే. ఒక్కొక్కరికీ విడిగా చెబుతుంటే ప్రతిసారీ ఏదో ఒకటి మరిచిపోతున్నాను. అందుకే అంతా ఒకచోట, చేయవలసిన వరుసలోనే రాస్తున్నాను.

చాలామంది మొదట అడిగేది కొత్త పొయ్యి గురించే. నేను దాని గురించి చివర ఆలోచించమంటాను. మూడు రాళ్ల మధ్య పెట్టిన మంటలో నూరు పాళ్ల వేడి పుడితే, గిన్నెలోకి చేరేది సుమారు పది పదిహేను పాళ్లే. మిగిలినదంతా గాలిలోకి, నేలలోకి, ఆవిరిలోకి పోతుంది. ఆ పోయేదానిలో కొంత పట్టుకోగలిగితే చాలు, కట్టెల మోపు ఇంకొన్ని రోజులు వస్తుంది. దీనికి డబ్బు పెద్దగా అక్కర్లేదు, ఓపిక మాత్రం కావాలి.

కావలసినవి

వేలాడదీసి తూచే కాటా ఒకటి. అరువుకు తెచ్చుకున్నదైనా సరే.
గొడ్డలి లేదా బరువైన కత్తి.
ప్రతి గిన్నెకూ సరిగ్గా అమరే మూత.
ఇనుప చువ్వలు లేదా దళసరి ఇనుప జాలీ ముక్క.
గిన్నె చుట్టూ తొడగడానికి రేకు.
గట్టి అట్టపెట్టె లేదా పెద్ద బుట్ట. అందులో నింపడానికి ఎండుగడ్డి, ఊక, పాత దుప్పట్లు, నలిపిన కాగితం, వీటిలో ఏవైనా.
గట్టి మూత ఉన్న ఇనుప డబ్బా.

1. ముందు తూచండి

ఏదీ మార్చకుండా మూడు రోజులు మామూలుగానే వండండి. ఉదయం ఒక కుప్ప కట్టెలు తూచి పక్కన పెట్టుకోండి. ఆ రోజు దానిలోంచే వాడండి. రాత్రి మిగిలినవి తూచండి. రెండింటి తేడా ఆ రోజు ఖర్చు. ఎంతమందికి, ఎన్నిసార్లు వండారో పక్కనే రాసుకోండి. మూడు రోజుల సగటు మీకు ఆధారం.

ఈ పని విసుగనిపించి వదిలేసేవాళ్లే ఎక్కువ. దయచేసి వదలకండి. కళ్లతో చూసి వేసే అంచనా మనల్ని ఎంతగా మోసం చేస్తుందో కాటా పట్టుకున్న మొదటి వారంలోనే తెలుస్తుంది.

2. కట్టెను నిజంగా ఎండబెట్టండి

అప్పుడే కొట్టిన కట్టె బరువులో దాదాపు సగం నీళ్లే ఉండవచ్చు. గాలికి బాగా ఆరినదానిలో అది పదిహేను, ఇరవై శాతానికి దిగుతుంది. బరువు లెక్కన కొనేవాళ్లు ఇది ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాలి. కిలో పచ్చికట్టె ఇచ్చే వేడి, కిలో ఎండుకట్టె ఇచ్చే వేడిలో ఇంచుమించు సగం. అంటే సగం డబ్బు నీళ్లకు పోసినట్టే. పైగా పచ్చికట్టె మంట చల్లగా ఉండి పొగ ఎక్కువ వస్తుంది. ఆ పొగ అంటే కాలకుండా వృథాగా పోతున్న ఇంధనమే.

ఎండబెట్టే పద్ధతి: ముందు చీల్చండి, తర్వాత పేర్చండి. బెరడుతో ఉన్న దుంగ నెలల తరబడి ఆరదు. చీల్చిన పేడు మంచి ఎండాగాలీ ఉంటే వారాల్లోనే ఆరుతుంది. నేల మీద రెండు రాళ్లో అడ్డకర్రలో వేసి, వాటి మీద ఒక వరుస నిలువుగా, ఒక వరుస అడ్డంగా పేర్చండి. పైన మాత్రమే రేకు గాని పట్టా గాని కప్పండి, పక్కలు తెరిచి ఉంచండి. కుప్పనంతా పట్టాతో చుట్టేస్తే లోపలి తడి లోపలే ఉండి బూజు పడుతుంది. నాకు కనిపించిన తప్పులన్నిటిలో ఇదే ఎక్కువ.

ఎండిందో లేదో చూడటం: రెండు ముక్కలను ఒకదానితో ఒకటి కొట్టండి. ఖణేల్మంటే ఎండినట్టు, మొద్దు చప్పుడైతే లోపల తడి ఉన్నట్టు. కొసల్లో పగుళ్లు కనిపించాలి, బెరడు గోటితో లేవాలి. ఇంకా నమ్మకంగా తెలియాలంటే ఒక పేడు మీద గుర్తు పెట్టి నాలుగు రోజులకోసారి తూచండి. వరుసగా రెండుసార్లు బరువు తగ్గకపోతే అది ఆరినట్టే. పొయ్యిలో పెట్టినప్పుడు కొస నుంచి నురగ వచ్చి సుయ్యిమంటే మాత్రం ఇంకా తొందరపడ్డట్టే.

వానలు ఆగక తడికట్టెలే ఉంటే, వంట అయ్యాక వేడిగా ఉన్న పొయ్యి పక్కన మర్నాటికి సరిపడా నిలబెట్టండి. పొయ్యి మీద పెట్టకండి, నిప్పుకు కనీసం చేయి చాచినంత దూరం వదలండి. అలా ఆరబెట్టిన కట్టెలు రాత్రిపూట అంటుకుని ఇళ్లు కాలిన సంగతులు ఉన్నాయి.

3. సన్నగా చీల్చండి

బొటనవేలి లావు నుంచి రెండు వేళ్ల లావు వరకు ఉన్న పేళ్లు వంటకు అనువుగా ఉంటాయి. లావు మొద్దు పెడితే అది అంటుకోవడానికే బోలెడు నిప్పు కావాలి, వంట అయ్యాక కూడా కాలుతూనే ఉంటుంది. మరీ సన్నని చితుకులు గుప్పున మండి ఆరిపోతాయి. వాటిని అంటించడానికి మాత్రమే దాచుకోండి.

గొడ్డలి వాడేటప్పుడు పిల్లలను దూరంగా ఉంచండి. చెప్పులతో కాదు, కాళ్లు కప్పే జోళ్లతో నిలబడండి.

4. ఉన్న పొయ్యినే సరిదిద్దండి

మొదట జాలీ. కట్టెలు నేలకు ఆనుకుని ఉంటే కింద నుంచి గాలి అందదు, మంట ఉక్కిరిబిక్కిరవుతుంది. నాలుగు చువ్వలు రెండు ఇటుక ముక్కల మీద పెట్టి, వాటి మీద కట్టెల కొసలు ఉంచండి. కింద కనీసం మూడు వేళ్ల ఖాళీ ఉండాలి, బూడిద రోజూ తీయాలి. ఇంత చిన్న మార్పుతో పొగ కళ్లెదుటే తగ్గడం చూస్తారు.

తర్వాత గిన్నె ఎత్తు. మంట కొసలు గిన్నె అడుగును తాకి పరుచుకోవాలి. మండే కట్టెలకూ గిన్నెకూ జానెడు కంటే ఎక్కువ దూరం ఉంటే వేడి పక్కలకు పోతుంది. మరీ దగ్గరైతే మంట చల్లబడి మసి కడుతుంది. గిన్నె పక్కల నుంచి మంటలు పైకి ఎగబాకుతుంటే ఆ వేడి మీ వంటకు కాదు, ఇంటి పైకప్పుకు పనికొస్తోంది. కట్టె ఒకటి వెనక్కి లాగండి.

మూడోది రేకు. గిన్నె చుట్టూ చిటికెనవేలు మందం ఖాళీ వదిలి రేకును గుండ్రంగా నిలబెడితే, పైకి లేచే వేడిగాలి గిన్నె గోడను రాసుకుంటూ వెళుతుంది. గాలి విసురును కూడా ఇది ఆపుతుంది. రేకు పెట్టాక పొయ్యి నోటిలోంచి పొగ వెనక్కి తంతుంటే ఖాళీ చాలలేదని అర్థం, కొంచెం వదులు చేయండి. రేకు అంచులు చేతులు కోస్తాయి, వాటిని మడవండి.

మట్టిగోడ ఎంత దళసరిగా ఉంటే పొయ్యి అంత మంచిదని చాలామంది నమ్ముతారు. రోజంతా ఆరకుండా వండే చోట అది కొంతవరకు సరే. పూటకు గంటసేపు వండే ఇంట్లో మాత్రం, ఆ గోడ వేడెక్కడానికే మీ కట్టెలు చాలా పోతాయి. కొత్తగా కట్టుకునేటట్లయితే మంట ఉండే లోపలి గది చుట్టూ బూడిద నింపిన పొర ఒకటి పెట్టించండి. బూడిద తేలికైనది, వేడిని మింగదు.

5. నిప్పు అంటించకముందే సగం వంట చేయండి

గింజలను, పప్పుధాన్యాలను ముందురోజు రాత్రే నానబెట్టండి. ఎండు గింజలు ఉడికే సమయం దీంతో బాగా తగ్గుతుంది. దుంపలు, కూరగాయలు చిన్న ముక్కలుగా తరగండి. నల్లని గిన్నెలో నీళ్లు పోసి మూతపెట్టి ఎండలో ఉంచండి. 25 డిగ్రీల నీళ్లు ఎండలో 50 డిగ్రీలకు చేరితే, మరిగించడానికి పట్టే వేడిలో మూడోవంతు సూర్యుడే ఇచ్చేసినట్టు.

అన్నీ చేతికి అందేలా సర్దుకున్నాకే అగ్గిపుల్ల గీయండి. పొయ్యి మండుతుండగా కూరగాయలు తరగడం మొదలుపెట్టే ఇంట్లో ఎన్ని కట్టెలు తెచ్చినా చాలవు.

6. మూత, సెగ

ఒక లీటరు నీటిని మామూలు వేడి నుంచి మరిగే దాకా తేవడానికి ఎంత శక్తి పడుతుందో, ఆ లీటరు నీటినంతా ఆవిరి చేయడానికి దానికి ఏడు రెట్లు పడుతుంది. మూత లేకుండా తెర్లుతున్న గిన్నెలోంచి మీ కట్టెలు పోయే దారి అదే.

ఇంకొక సంగతి. ఎసరు కళపెళ ఉడికినా, సన్నగా మరిగినా దాని వేడి ఒక్కటే, దాదాపు 100 డిగ్రీలు. పెద్ద మంట పెడితే వంట త్వరగా కాదు, నీళ్లు త్వరగా అయిపోతాయి, అంతే. అందుకే ఒక పొంగు రాగానే కట్టెలు వెనక్కి లాగి ఒకటో రెండో మాత్రమే ఉంచండి. అంచున చిన్న బుడగలు వస్తుంటే ఆ సెగ చాలు. మూత పొంగి పొర్లుతోందంటే మూత తీయడం పరిష్కారం కాదు, మంట తగ్గించడం పరిష్కారం.

లాగిన కొరివిని అలా పొగలు కక్కనివ్వకండి. కొసను బూడిదలో గుచ్చి ఆర్పండి, రేపు అదే ముందుగా అంటుకుంటుంది.

ప్రెషర్ కుక్కర్ ఉంటే గట్టి గింజలకు తప్పకుండా వాడండి. లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళుతుంది కనుక సమయం ఎంతో కలిసివస్తుంది. దాన్ని కట్టెల పొయ్యి మీద పెట్టినప్పుడు రబ్బరు, పిడి మంటకు అందకుండా చూడండి. ఆవిరి నాళం మూసుకుపోలేదని ప్రతిసారీ పరీక్షించండి.

7. గడ్డిపెట్టె

ఈ వ్యాసంలో ఒక్కటే పని చేయగలిగితే ఇది చేయండి. మరిగిన గిన్నెను వేడి పోకుండా చుట్టి ఉంచితే, మిగతా వంట నిప్పు లేకుండానే అవుతుంది. ప్రపంచ యుద్ధాల కాలంలో ఇంధనం కరువైనప్పుడు ఎన్నో ఇళ్లు ఈ పద్ధతితోనే వండుకున్నాయి.

తయారీ: పెట్టె అడుగున జానెడులో సగం మందం గడ్డి లేదా ఊక సంచి అదిమి పరవండి. మధ్యలో గిన్నె పెట్టి చుట్టూ అదే మందంలో బిగుతుగా కూరండి. గిన్నె తీస్తే దాని ఆకారంలో గూడు నిలవాలి. పైన కప్పడానికి ఒక మెత్త కుట్టుకోండి. పైభాగం పలచగా వదలడం అందరూ చేసే తప్పు. వేడి ఎక్కువగా పోయేది అక్కడి నుంచే.

వాడకం: గిన్నె ముప్పాతికకు తక్కువ కాకుండా నిండి ఉండాలి. చిన్న పరిమాణం త్వరగా చల్లారుతుంది. ఇందులో ఆవిరి పోదు కనుక నీళ్లు నాలుగోవంతు దాకా తగ్గించి చూడండి. మూతపెట్టి బాగా మరిగించి, బియ్యమైతే ఇంకో ఐదు నిమిషాలు, నానిన పప్పులైతే పది పదిహేను నిమిషాలు, పెద్ద గింజలైతే ఇరవై నిమిషాలు పొయ్యి మీదే సన్నగా ఉడకనివ్వండి. తర్వాత మూత ఎత్తకుండా పెట్టెలోకి మార్చండి. బియ్యానికి గంట, పప్పులకు రెండు గంటలు, గింజలకు మూడు నాలుగు గంటలు. మధ్యలో తొంగి చూడకండి.

జాగ్రత్తలు ఇక్కడ మూడు ఉన్నాయి, మూడూ ముఖ్యమైనవే.

గిన్నె అడుగున నిప్పురవ్వ అంటుకుని ఉంటే గడ్డి రాజుకుంటుంది. పొయ్యి మీద నుంచి దించగానే గిన్నెను రాతి మీద పెట్టి, అడుగు తుడిచి, అప్పుడే పెట్టెలో ఉంచండి.

రాజ్మా గింజలను నేరుగా ఇందులో వండకండి. పచ్చి రాజ్మాలో ఒక విషపదార్థం ఉంటుంది. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ముప్పై నిమిషాలు బాగా మరిగించాకే పెట్టెలో పెట్టాలి. చాలీచాలని వేడిలో ఉడికిన రాజ్మా వల్ల వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

గోరువెచ్చగా ఎక్కువసేపు ఉన్న వంటలో క్రిములు పెరుగుతాయి. పెట్టె తెరిచినప్పుడు ఆవిరి లేచి, గిన్నె చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉండాలి. థర్మామీటరు ఉంటే 60 డిగ్రీలకు పైన చూపాలి. చల్లబడి ఉంటే, అది ఎంతోసేపు అలా ఉండి ఉండవచ్చు కనుక, మళ్లీ మరిగించి తినవచ్చులే అనుకోకండి. కొన్ని క్రిముల విషం మరిగించినా పోదు. అందుకే మొదటిసారి తక్కువ ఖరీదు ధాన్యంతో, పగటిపూట, గంటల లెక్క చూసుకునే వీలున్నప్పుడు ప్రయత్నించండి. రాత్రంతా వదిలేయకండి. మాంసం ఈ పద్ధతిలో వండవద్దనే నేను చెబుతాను.

బాగా ఎత్తైన కొండ ప్రాంతంలో ఉన్నవారు పొయ్యి మీద ఉడికించే సమయం పెంచాలి. ప్రతి 300 మీటర్ల ఎత్తుకూ నీళ్లు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది.

8. మిగిలిన నిప్పులు, బొగ్గులు

వంట అయ్యాక పొయ్యిలో మిగిలే ఎర్రని నిప్పులు ఊరికే బూడిద కానివ్వకండి. పట్టుకారుతో తీసి ఇనుప డబ్బాలో వేసి మూత బిగించండి. గాలి లేక ఆరిపోయి బొగ్గులవుతాయి. డబ్బాను ఆరుబయట, ఏదీ అంటుకోని చోట ఒక రాత్రంతా వదిలి, పూర్తిగా చల్లారిందని చేత్తో చూసుకున్నాకే లోపలికి తెండి.

కుంపటి వాడేవారు వంటకు సరిపడా బొగ్గులే పోసుకోండి, ఒక పొంగు రాగానే గాలి తలుపు సగం మూయండి.

కట్టెలు కొరతగా ఉన్నప్పుడు వాటినే కాల్చి బొగ్గు చేసుకుందామని అనుకునేవారున్నారు. వద్దు. మట్టి కప్పి కాల్చే మామూలు బట్టీలో కిలో బొగ్గుకు ఐదు నుంచి పది కిలోల కట్టె పోతుంది, కట్టెలోని వేడిలో సగానికి పైగా అక్కడే ఖర్చవుతుంది.

బస్తా అడుగున మిగిలే బొగ్గుపొడి మాత్రం బంగారమే. జల్లించిన కిలో పొడికి 50 నుంచి 80 గ్రాముల పిండిని, తినడానికి పనికిరానిదైతే మేలు, నీళ్లలో గంజిలా కాచి కలపండి. పిడికిట్లో పిసికితే ఉండ నిలవాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు. ఉండలు చేసి ఎండలో నాలుగైదు రోజులు ఆరబెట్టండి. నడుమెత్తు నుంచి వదిలితే పొడి కాకుండా ఉంటే బాగా కుదిరినట్టు. గంజి బదులు బంకమట్టి కూడా కలపవచ్చు. మట్టి ఎక్కువైతే ఉండ గట్టిగానే ఉంటుంది గాని వేడి తగ్గుతుంది, బూడిద పేరుకుంటుంది.

9. వేరే ఇంధనాలు, కాల్చకూడనివి

మొక్కజొన్న కండెలు, పంట మోళ్లు, రంపపు పొట్టు పనికొస్తాయి. ఇవి వేగంగా మండిపోతాయి కనుక మోళ్లను బిగుతుగా కట్టలు కట్టి, కొంచెం కొంచెంగా ఎగదోయాలి. పొయ్యి దగ్గర కుప్ప పోయకండి, రవ్వ ఒకటి చాలు. పిడకలు నెమ్మదిగా, నిలకడగా కాలతాయి. కానీ పొగ ఎక్కువ, పొలానికి వెళ్లవలసిన ఎరువు పొయ్యిలోకి వెళుతుంది. మరో దారి లేనప్పుడే వాడమంటాను.

ప్లాస్టిక్, రబ్బరు, రంగు వేసిన చెక్క, చెదలు పట్టకుండా మందు పట్టించిన కలప, ఇవి ఎంత కరువొచ్చినా కాల్చకండి. మందు పట్టించిన కొన్ని రకాల కలపలో ఆర్సెనిక్ అనే విషం ఉంటుంది, అది బూడిదలోనూ మిగులుతుంది. గన్నేరు కొమ్మలు కూడా వద్దు, దాని పొగ విషం.

కొరత రోజుల్లో చలికి, గాలికి భయపడి కిటికీలు మూసి వండుతారు. అది ప్రాణాల మీదికి తెస్తుంది. బొగ్గుల నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండటం కనిపిస్తే వెంటనే అందరూ బయటికి రండి, వైద్యసాయం తీసుకోండి. కుంపటిని పడకగదిలో అసలు పెట్టవద్దు. వంటిళ్ల పొగ వల్ల 2020లో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కట్టె మిగిలినా మనిషి మిగలకపోతే దేనికి?

10. మళ్లీ తూచండి

మార్పులన్నీ ఒకేరోజు చేయకండి. ఏది పనిచేసిందో తెలియదు. ఒక్కోటి చేసి మూడు రోజులు తూచి, మొదటి సగటు పక్కన రాయండి. ఇంటికి చుట్టాలు వచ్చిన రోజులను లెక్కలోంచి తీసేయండి. కట్టె తడి కూడా మారకూడదు. పచ్చికట్టెతో తీసిన సగటును ఎండుకట్టె సగటుతో పోల్చితే లెక్క తప్పుతుంది.

తేడా కనిపించకపోతే ఈ వరుసలో వెతకండి. మూత సరిగ్గా అమరుతోందా? పొంగు వచ్చాక కట్టెలు నిజంగా వెనక్కి లాగుతున్నారా, లేక మంట అలాగే ఉందా? గిన్నె అడుగున పెచ్చులు కట్టిన మసి ఉందా? పలచని నలుపు పరవాలేదు, పెచ్చులు మాత్రం వేడిని అడ్డుకుంటాయి, గీకేయండి. వంట అయ్యాక నీళ్లు కాచుకుందామని ఎవరైనా మళ్లీ కట్టెలు వేస్తున్నారా? ఈ చివరిది చాలా ఇళ్లలో దొరుకుతుంది. ఆ నీళ్ల గిన్నెను, వంట దించగానే ఇంకా వేడిగా ఉన్న పొయ్యి మీదకు ఎక్కించండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా ఖర్చు తగ్గకపోతే, అప్పుడు కొత్త పొయ్యి గురించి ఆలోచించండి. కొనేముందు మీ గిన్నెను, మీ కట్టెలను వెంట తీసుకెళ్లి, కొలిచిన నీళ్లు పోసి, అవి మరిగేదాకా ఎన్ని కట్టెలు పట్టాయో అక్కడే తూచి చూడండి. అదే నీటితో, అవే కట్టెలతో ఇంటి దగ్గరి పొయ్యి మీద ముందురోజు ఒకసారి తూచి అంకె రాసుకుని వెళ్లడం మరవకండి.